నవ్వని సహోదరి

సెప్టెంబరు 7, 2003, ఆదివారం

ఆరాధన అయ్యాక అబ్రాం తాతగారు లేచి, క్రిస్మస్‌లోపు సంఘం పెద్దరికం ఇంకొకరి చేతిలో పెడతానని చెప్పారు. ఎనభై దాటాయి, మోకాళ్ళు సహకరించట్లేదట. రెండే పేర్లు వచ్చాయి. ఒకటి మా ఆయన కొర్నేయ్‌ది. రెండోది వెనియమిన్‌ది, పోయిన వసంతంలో జర్మనీ నుంచి తిరిగొచ్చినవాడు. తాతల కాలంలో ఇక్కడ స్థిరపడ్డ మన జర్మన్లంతా ఈ కిర్గిజ్ దుమ్ము దులుపుకుని అక్కడికి పోతుంటే, ఈయన మాత్రం నశించిపోతున్న మనల్ని రక్షించడానికి వెనక్కి వచ్చాడు. మనం నశించిపోతున్నామని ఆయన వచ్చాకే తెలిసింది.

పెద్ద అయ్యేవాడి ఇల్లు చక్కగా ఉండాలని బైబిలు వాక్యం. ఇల్లంటే గోడలూ కప్పూ కాదని అందరికీ తెలుసు. ఇల్లంటే పెళ్ళాం. అంటే ఈ మూడు నెలలూ సంఘం చూసేది కొర్నేయ్‌ని కాదు, నన్ను. చూడనీ. ఈ చుయ్ లోయలో నాకంటే సాదాగా బతికే ఆడది ఉంటే చూపించమనండి.

నాకేం ఆశ లేదు. కొర్నేయ్‌కే రావాలని ప్రార్థించనూ లేదు. ప్రభువు చిత్తం ఏమిటో ప్రభువుకి గుర్తుచేశాను, అంతే.

భోజనం దగ్గర కొర్నేయ్, నాకీ పెద్దరికం వద్దు, తేనెటీగలు చాలు అన్నాడు. ఎంత వినయం! అలాంటివాడికే రావాలి.

సెప్టెంబరు 10, బుధవారం

వెనియమిన్ భార్య తమారా గురించి ఒక్క చెడ్డమాట కూడా ఈ పుస్తకంలో రాయకూడదని తీర్మానించుకున్నాను.

ఈరోజు పాటల సాధనకి వచ్చింది. తలగుడ్డ బూడిద రంగు. అంచు లేదు, పువ్వు లేదు. చెవులు కూడా కప్పేలా గడ్డం కింద బిగించి కడుతుంది. ప్రసంగంలో సగం లోపలికి పోదని నా అనుమానం. గౌనుకి బొత్తాలు లేవు, కొక్కేలు. బొత్తాలు పరాయి మగవాళ్ళ కంటిని లాగుతాయట. పుట్టినప్పటినుంచీ బొత్తాలే పెట్టుకుంటున్నాను, ఒక్క కన్నూ ఇటు రాలేదు.

నా తలగుడ్డ గోధుమ రంగుది. అంచున సన్నని గీత ఉంది. ఇంటికొచ్చి బూడిద నీళ్ళలో ఉడకబెట్టాను. గీత పోలేదు. మళ్ళీ ఉడకబెట్టాను. గౌను బొత్తాలు కత్తిరించి కొక్కేలు కుట్టుకున్నాను. ఇది పోటీ కాదు. పోటీ అయితే నేనే గెలిచేదాన్ని.

సెప్టెంబరు 14, ఆదివారం

రాసుకుంటే గానీ మనసు ఊరుకునేలా లేదు.

ఆరాధన తర్వాత సహోదరీల కూటంలో తమారా లేచింది. ఎవరినీ చూడకుండా, నేలకేసి చూస్తూ, తేనెలో ముంచినట్టు మాట్లాడుతుంది. “మన సహోదరీలు చెవులకీ మెడకీ బంగారం పెట్టుకోరు, ప్రభువుకి స్తోత్రం. కానీ స్తోత్రం అన్నప్పుడల్లా కొందరి నోట్లోంచి బంగారం మెరుస్తోంది. నా మనసుకి కష్టంగా ఉంది. ఎవరినీ ఉద్దేశించి కాదు.”

ఎవరినీ ఉద్దేశించి కాదు కాబట్టి అందరూ నావైపు తిరిగారు.

ఈ లోయలో బంగారు పన్ను ఎవరికి లేదు? కిర్గిజ్ వాళ్ళకుంది, రష్యన్లకుంది, బజారులో ముల్లంగి అమ్మే ముసలమ్మకి నోటినిండా ఉంది. మా లీజె పిన్నికి కింద వరుసంతా అదే. కానీ ఆవిడ వెనక బెంచీలో కూర్చుంటుంది. నేను పాటల బృందంలో ముందు నిలబడతాను, నావి పైన నాలుగు, సరిగ్గా ముందువి.

అసలు అవి ఎలాంటి బంగారమో తమారాకి తెలిస్తే కదా. పెళ్ళికి కొర్నేయ్ తొడిగిన ఉంగరాన్ని, బాప్తిస్మం తీసుకున్న ఏడాది, అలంకారమని తీసేశాను. పారేస్తే పాపం, అమ్మితే అవమానం. అప్పుడు అబ్రాం తాతగారే అన్నారు, నమలడానికి పనికొచ్చేది అలంకారం కాదమ్మా, పళ్ళు కట్టించుకో అని. ఉంగరంతో పాటు మా అమ్మ చెవిపోగులు కూడా కరిగించి కట్టించుకున్నాను. నాది ఆజ్ఞకి లోబడిన బంగారం. ఈ మాట అక్కడే ఆవిడ మొహం మీద చెప్పాలనుకున్నాను. చెప్పాలంటే నోరు తెరవాలి.

సెప్టెంబరు 15

అద్దంలో చూసుకున్నాను. సోకు కోసం కాదు, పరిశీలన కోసం. బాగా మెరుస్తున్నాయి.

సెప్టెంబరు 21, ఆదివారం

పెదాలు కలిపి ఉంచడం అంత కష్టమేం కాదు. పలకరిస్తే తల ఊపడం, వీడ్కోలుకి ఇంకోసారి ఊపడం. మరీ మాట్లాడాల్సొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటే చాలు, దగ్గు అనుకుంటారు.

అబ్రాం తాతగారిని కూతురు సుసన్నా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆయన నా ముందు ఆగి, నా తలకేసి అలా చాలాసేపు చూశారు. తలగుడ్డ మీద గీత పోయిందని గమనించారు! ఆ కళ్ళకి ఏదీ తప్పదు. పొగడలేదు, ఆయన ఎవరినీ పొగడరు. పోతూ పోతూ, మేకుకి తగిలించిన మా సంఘం సహోదరుడు గెర్హార్డ్ కోటు ముందు వంగి, “శాంతి సమాధానాలు కలుగుగాక, సహోదరుడా” అన్నారు. కోటుకి కూడా! అంత తగ్గింపు మనకెప్పుడొస్తుందో.

అక్టోబరు 5, ఆదివారం. కోత పండుగ.

బల్ల నిండా గుమ్మడికాయలు, బీట్‌రూట్లు, మా కొర్నేయ్ తేనె, లీజె పిన్ని చేసిన రొట్టె. రెండు గొంతులు కలిపి పాడే కోత పాటలో కింద గొంతు నాదే, పెళ్ళి కాకముందు నుంచీ. ఈరోజు పెదాలు మూసుకుని లోపల్లోపలే మూలిగాను. బయటికి ఏమీ రాలేదు. పాట ఒక కాలు పొట్టి బల్లలా కుంటుతూ నడిచింది. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపునీ మింగాను, ఎందుకంటే ఏడిస్తే నోరు తెరుచుకుంటుంది.

అదే మేలైంది. బయట సహోదరీలు నా చుట్టూ మూగారు. గెర్హార్డ్ భార్య వాళ్ళ అమ్మాయిని నా ముందుకి తోసి, చూడవే, దైవభయం అంటే ఇలా ఉంటుంది, ఇహిహీ అని పళ్ళికిలించడం కాదు అంది. ఇంకొకావిడకి నన్ను చూస్తే వణుకు పుట్టిందట. నవ్వకపోతే ఇంత పేరొస్తుందని తెలిస్తే చిన్నప్పుడే మానేసేదాన్ని. తమారా దూరం నుంచి చూస్తోంది. ఆవిడ మొహం కాస్త పాలిపోయిందని రాయాలని ఉంది గానీ, తీర్మానం గుర్తుంది.

దారిలో కొర్నేయ్, పాడలేదేం అన్నాడు. గొంతు బాగోలేదన్నాను. అబద్ధం కాదు. ఈమధ్య నాకు నోటికి సంబంధించిందేదీ బాగోలేదు.

అక్టోబరు 9, గురువారం

మగవాళ్ళ సభ. అక్కడి సంగతులు ఇంట్లో చెప్పకూడదు. కొర్నేయ్ అన్నీ చెప్పాడు.

ముందు సహోదరీల మేజోళ్ళ గురించి. మరీ పల్చగా ఉంటున్నాయని గెర్హార్డ్ బాధపడ్డాడట. ఏ బెంచీలో ఎవరివో కూడా చెప్పాడట. తల దించుకుని నడిచే సహోదరులకే మేజోళ్ళ సంగతి బాగా తెలుస్తుంది. తర్వాత మగవాళ్ళ వంతు. టై ఎప్పుడో మానేశారు, అది నరకం ఎటు ఉందో చూపిస్తుందని. ఇప్పుడు వెనియమిన్ బెల్టు బకిల్ మీద పడ్డాడు. మెరుస్తుంది, పైగా నడుము మధ్యలో మెరుస్తుంది. తాళ్ళు కట్టుకుందామన్నాడు. మా కొర్నేయ్ లేచి, పాంటు జారిపోతే అది నిరాడంబరం కిందికొస్తుందా, ఎలా అని అడిగాడట. ఎవరూ నవ్వలేదు. మరి మీ నల్ల కారు, ఆ తోలు సీట్లు అన్నాడట. నలుపు సాదా రంగే కదా సహోదరుడా అని జవాబు.

ఇలాంటి ప్రశ్నలు వేస్తే ఓట్లెవరు వేస్తారు? కొర్నేయ్ బెల్టు తీసి పెట్టెలో పెట్టి, తాడు ఇచ్చాను. మన లారీ నీలం. రంగు వేయించాలేమో.

అక్టోబరు 15

కొర్నేయ్ తేనెపెట్టె మూత తీస్తుంటే, రెండు చేతులూ అక్కడ ఉండగా, తాడు ఊడి పాంటు కిందికి జారిందట. తేనెటీగలకి ఇంతకంటే ఏం కావాలి. కుంటుకుంటూ వంటింట్లోకొచ్చి, ఎక్కడెక్కడ కుట్టాయో చెప్తూ, తనే కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. నాకూ కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. బంగాళాదుంపల బుట్టకేసి తిరిగి పెదాలు పళ్ళ కింద నొక్కి పట్టాను.

నవ్వు ఆపేసి, నామీద కోపమా అని అడిగాడు. కాదని తల అడ్డంగా ఊపాను.

పెళ్ళికి ముందు సామూహిక వ్యవసాయ క్షేత్రంలో బీట్‌రూట్ తవ్వుతున్నప్పుడు, నా నవ్వు విని, అది ఏ వరుసలోంచి వస్తోందో వెతుక్కుంటూ వచ్చినవాడు. ఏం పర్లేదు. పెద్దరికం వచ్చాక నవ్వుతాను. అప్పుడు ఎవరూ ఏమీ అనరు.

అక్టోబరు 21, మంగళవారం

టోక్‌మోక్ పట్నం వెళ్ళాను. ఉన్ని కొనడానికని కొర్నేయ్‌కి చెప్పాను. ఉన్ని కూడా కొన్నాను.

పళ్ళ డాక్టరు జిల్దిజ్ కిర్గిజ్ పిల్ల, ముప్పై కూడా ఉండవు. నా నోట్లో అద్దం పెట్టి, ఎవరు కట్టారో గానీ చేతిపని బాగుందక్కా, ఇంకో ముప్పై ఏళ్ళు ఉంటాయి అంది. తీసెయ్యమన్నాను. నొప్పా? కాదు. వదులా? కాదు. మరెందుకు? దేవుడి కోసం అన్నాను. ఆ పిల్ల అద్దం బయటికి తీసి, మా అమ్మమ్మ దేవుడి కోసం ఉపవాసం ఉంటుంది గానీ పళ్ళు మాత్రం ఉంచుకుంటుంది అంది.

తెల్లవి పెట్టనా అంది. వద్దు, తెల్లవి సోకు, స్టీలు పెట్టు అన్నాను. స్టీలు పెట్టించుకునేవాళ్ళు ఇంకా ఉన్నారా అని డబ్బా వెతికింది. కొత్తవాటికి వారం తర్వాత రమ్మంది. బంగారు తొడుగులు ఊడుతుంటే నోట్లో అరిగిన మొద్దులు నాలుకకి తగిలాయి. ఎవరివో పళ్ళు నా నోట్లో ఉన్నట్టు అనిపించింది. బంగారం దూదిలో చుట్టి చేతిలో పెట్టింది.

నవంబరు 2, ఆదివారం

బంగారాన్ని కానుకల పెట్టెలో వేశాను, ఎవరికీ తెలియకుండా. నోట్లు వేస్తే చప్పుడు రాదు. బంగారం రేకు పెట్టెకి తగిలి టంగుమంది. వెనక వరుస దాకా వినపడిందో లేదో నాకు తెలీదు. వినపడింది.

కొత్త పళ్ళు సాదాగా ఉన్నాయి. కాకపోతే దీపం వెలుగు పడితే బంగారం కంటే ఎక్కువ మెరుస్తున్నాయి. కాబట్టి నోరు ఇంకా గట్టిగా మూసుకోవలసి వస్తోంది.

ఇంటికొచ్చాక కొర్నేయ్ ఒక్కటే అడిగాడు. “అందులో మన ఉంగరం ఏ పన్ను?”

అన్నీ కలిపి కరిగించారు కదా, ఎలా చెప్తాను? భుజాలు ఎగరేశాను. కొట్టంలోకి వెళ్ళి చీకటి పడేదాకా ఏవో మేకులు కొట్టాడు. మేకులు కొట్టాల్సిన పనేమీ అక్కడ లేదు.

నవంబరు 11

ఇది నేను కోరుకున్నది కాదు.

గెర్హార్డ్ భార్య తీయించుకుంది. ఆవిడ చెల్లెలు తీయించుకుంది. పాటల బృందంలో సగంమంది మూతులు బిగించుకుని తిరుగుతున్నారు. టోక్‌మోక్‌లో జిల్దిజ్ మా ఊరికోసం ఒక రోజు కేటాయించిందట. సంఘం మీద ఆత్మ దిగింది అంటున్నాడు వెనియమిన్. ఇదంతా తమారా మాట వల్లే అని కూడా అంటున్నాడు. టంగుమన్నది ఎవరి బంగారం?

ఈరోజు లీజె పిన్నిని చూడ్డానికెళ్ళాను. ఆవిడా తీయించుకుంది. కింద వరుసంతా. స్టీలు పెట్టించుకోవడానికి చిగుళ్ళలో బలం లేదని డాక్టరు చెప్పిందట. రొట్టె చారులో నానబెట్టుకుని, అదీ అరగంట నానాక, చెంచాతో తింటోంది. నాకూ చెంచా ఇచ్చింది. “నువ్వు చేశావంటే మంచిదే అయ్యుంటుందని చేశానే అగాతా” అంది. మంచిదే పిన్నీ అన్నాను. చెయ్యి అడ్డం పెట్టుకునే అన్నాను.

ఇంటికొచ్చి అన్నం సహించలేదు. ఇందులో నా తప్పేమీ లేదు. నేను ఎవరినీ చెయ్యమనలేదు. ఎవరినీ చెయ్యమనలేదు.

నవంబరు 16, ఆదివారం

తమారా కాఫీకి పిలిచింది. ఆవిడ ఇంట్లో కిటికీలకి తెరలు లేవు, గోడమీద గడియారం లేదు. నేను లెక్క పెట్టుకున్నాను, ఇంటికెళ్ళి తీసెయ్యాల్సినవి.

నేను కేకు కొరుకుతుంటే నా నోటికేసి చూసి, స్టీలా, పాపం, ఎంత కనపడుతోందో అంది. మీకు దేవుడు మంచి పళ్ళు ఇచ్చాడు సహోదరీ అన్నాను. ఆవిడ నవ్వింది. ముత్యాల్లాంటి వరుస.

“దేవుడు కాదు, జర్మనీ డాక్టరు. పింగాణీవి ఇవి. వీటికి పెట్టినదాంతో నీకు నోటినిండా రెండుసార్లు బంగారం కట్టించొచ్చు. కానీ చూడు, తెలుస్తోందా? ఎంత పెట్టినా బయటికి తెలియకుండా ఉండటమే సహోదరీ, నిరాడంబరం.”

కప్పు కింద పెట్టి బయటికొచ్చేశాను. కొర్నేయ్ అక్కడ ఉంటే ఆవిడకి తగిన జవాబు చెప్పేవాడు. నాకు మూడు జవాబులు తోచాయి, మూడూ నోట్లోనే ఉండిపోయాయి. ఈ పుస్తకంలో ఒక తీర్మానం ఉండేది. ఇవాళ్టితో సరి. అది పింగాణీ పాము.

డిసెంబరు 4, గురువారం

ఈ రోజుది ఉన్నదున్నట్టు రాయాలి.

పెద్దరికానికి నిలబడ్డవాళ్ళ ఇళ్ళకి అబ్రాం తాతగారు వెళ్తున్నారని తెలిసి, పొద్దుటినుంచీ సిద్ధంగా ఉన్నాను. తెరలు తీసేశాను. కిటికీలో జెరేనియం కుండీని కొట్టంలో దాచాను. బూడిద నీళ్ళలో ఉడికి ఉడికి రంగు పోయిన తలగుడ్డ, కొక్కేల గౌను. బల్ల దగ్గర, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన వచ్చి చూడగానే ఇది సంఘపెద్ద ఉండాల్సిన ఇల్లు అనిపించాలి.

సుసన్నా ఆయన్ని గుమ్మం దగ్గర వదిలి పక్కింటికి వెళ్ళింది. కొర్నేయ్ చెయ్యందించి కూర్చోబెట్టాడు. నేను లేచి, కాఫీ పోసి, కేకు ముక్క పెట్టి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. ఆయన కప్పు కోసం బల్లంతా తడిమి, థాంక్స్ అబ్బాయ్ అని కొర్నేయ్‌తో అన్నారు. తేనె గురించి అడిగారు. చలి గురించి మాట్లాడారు. నాకెదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. ఆ తర్వాత అడిగారు.

“మరి అగాత ఎప్పుడు వెళ్ళింది?”

కొర్నేయ్, ఎక్కడికి తాతగారూ అన్నాడు.

“జర్మనీకి. కోత పండుగ నుంచీ పాటలో కింద గొంతు లేదు. పలకరింపూ లేదు, నవ్వూ లేదు. అందరూ వెళ్ళారు, ఆవిడా వెళ్ళిందన్నమాట అనుకున్నాను. అడగడానికి నాకే మనసొప్పలేదు.”

ఆయనకి కళ్ళు లేవు. ఎప్పటినుంచి లేవో దేవుడికే తెలియాలి. గ్రంథం తెరిచి పట్టుకుని చదివేదంతా కంఠస్థమే. నా తలగుడ్డ మీద ఆగిన చూపు, కోటుకి పెట్టిన వందనం, అన్నీ ఒక్కసారి నా మీద కూలిపడ్డాయి. మరి నేను ఈ మూడు నెలలూ ఎవరి కోసం ఉడకబెట్టాను?

కొర్నేయ్ నావైపు చూశాడు. నన్నే చెప్పనిచ్చాడు. ఇక్కడే ఉన్నాను తాతగారూ, అంతే, అంతకంటే చెప్పాల్సిందేమీ లేదు. నోరు తెరిచాను. తెరవగానే చెయ్యి దానంతటదే లేచి అడ్డం వచ్చింది. గుడ్డివాడి ముందు పళ్ళు దాచుకున్నాను. సిగ్గుతో ఆ చెయ్యి ఇక దించలేదు.

కొర్నేయ్ మౌనాన్ని ఆయన అవుననుకున్నారు. కష్టమేలే అబ్బాయ్ అని భుజం తట్టి, ఇంటిని దీవించి వెళ్ళిపోయారు.

ఎందుకు చెప్పలేదని కొర్నేయ్ మీద విరుచుకుపడ్డాను. నిదానంగా అన్నాడు. “నేను అబద్ధం చెప్పలేదు అగాతా. నువ్వు నిజం చెప్పలేదు. అయినా ఆయనన్నది తప్పా? మన ఇంట్లోనూ నువ్వు లేక చాలా రోజులైంది.”

డిసెంబరు 6

సుసన్నా దగ్గరికి వెళ్ళి చెప్పొచ్చు. కానీ ఓట్లకి ముందురోజు వెళ్తే, పదవి కోసం వచ్చిందంటారు. అందుకని వెళ్ళలేదు. అందుకే.

డిసెంబరు 7, ఆదివారం

మందిరం నిండిపోయింది. కుడివైపు మగవాళ్ళు, ఎడమవైపు మేము. అబ్రాం తాతగారు లేచి, తడబడకుండా, అందరికీ వినపడేలా చెప్పారు. సహోదరుడు కొర్నేయ్ మంచివాడు, కానీ ఆయన భార్య దేశం విడిచి వెళ్ళింది. ఇల్లు రెండు ముక్కలైనవాడి మీద ఇంత బరువు పెట్టడం న్యాయం కాదు. కాబట్టి ఆ పేరు తీసేస్తున్నాను. మిగిలింది సహోదరుడు వెనియమిన్.

అందరూ నన్ను చూశారు. మూడో బెంచీలో, రంగు పోయిన తలగుడ్డతో, బతికే ఉన్నాను. గెర్హార్డ్ సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు. సుసన్నా ఒళ్ళో చేతులకేసి చూసుకుంది. వెనియమిన్ పైకప్పుకేసి చూశాడు. తమారా నా మొహంలోకి సూటిగా చూసి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ఎవరూ చెప్పరు. చెప్తే తాతగారికి కళ్ళు లేవని చెప్పాలి. అది అందరికీ తెలుసని, ఇన్నాళ్ళూ అందరూ తెలియనట్టు కూర్చున్నారని నాకప్పుడు అర్థమైంది. ఒక్క నేనే నిజంగా తెలియకుండా కూర్చున్నాను.

కొర్నేయ్ లేవలేదు. గురువారం చూసినట్టే నావైపు చూశాడు.

సభలో ఆడవాళ్ళు మాట్లాడకూడదు. అడగాల్సింది ఇంటికెళ్ళి భర్తని అడగాలి. నోరు విప్పడానికి మాకున్నది పాట ఒక్కటే. ఎలా లేచానో తెలీదు. కోత పాట మొదలుపెట్టాను, నా కింద గొంతుతో. పై గొంతు లేకుండా అది పాటలా ఉండదు, ఎవరో గిన్నెలు తోముకుంటూ గొణుక్కుంటున్నట్టు ఉంటుంది. ఎవరూ అందుకోలేదు. మెడ నిలబెట్టి, నోరు పూర్తిగా తెరిచి పాడాను. కిటికీలోంచి ఎండ సూటిగా నా పళ్ళ మీదే పడింది. పడనీ.

వెనక బెంచీ నుంచి లీజె పిన్ని పై గొంతు అందుకుంది. పళ్ళు లేక సగం మాటలు గాలై పోతున్నాయి. అయినా పాట నిలబడింది.

తాతగారు తల ఎత్తారు. మొహమంతా విచ్చుకుంది. “అగాతా! ఎప్పుడొచ్చావమ్మా?”

“ఎక్కడికీ వెళ్ళలేదు తాతగారూ. ఇక్కడే ఉన్నాను.”

“మరి ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు?”

ఏడవబోయాను, నవ్వొచ్చింది. కడుపులో దాచిపెట్టినదంతా, తాడు, పాంటు, తేనెటీగలు, పింగాణీ, అంతా కలిసి వచ్చింది. పాటల బృందం వాళ్ళు కొందరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. మగవాళ్ళ వైపు నుంచి ఒక్క నవ్వు గట్టిగా వినపడింది. అది ఎవరిదో చూడనక్కర్లేదు.

కొర్నేయ్ పేరు మళ్ళీ పెట్టారు. ఓడిపోయాడు. సభలో మాట్లాడిన, పైగా నవ్విన ఆడదాని మొగుడికి ఓటెవరు వేస్తారు? చేతులెత్తడం అయ్యాక తమారా నా చెయ్యి పట్టుకుని, పాపం, పళ్ళు బాగా మెరిశాయి సహోదరీ అంది. ఇంకాస్త దగ్గరగా చూడండి అని చూపించాను.

డిసెంబరు 9

బాధగా ఉంది. దాచుకుని ఏం లాభం. ఆ పెద్దరికం కావలసింది కొర్నేయ్‌కి కాదు, నాకు. మందిరంలో మొదటి బెంచీ, అందరూ లేచి దారివ్వడం, అన్నీ కావాలనిపించాయి. నిన్న వంటింట్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. కొర్నేయ్ ఓదార్చలేదు. బెల్టు వెతుక్కుని పెట్టుకుని, నాకు టీ కాచి ఇచ్చాడు. తర్వాత ఇద్దరం లీజె పిన్ని దగ్గరికి వెళ్ళాం. తప్పు నాదే పిన్నీ అన్నాను. అవునే అంది, చారు పోసింది.

ఈ సాయంత్రం వెనియమిన్, గెర్హార్డ్ కలిసి కొత్త పెద్దరికం మొదటి తీర్మానం పట్టుకొచ్చారు. సభలో మాట్లాడినందుకు నేను ఈస్టర్ దాకా పాటల బృందంలో నిలబడకూడదు. ముందు బెంచీలు వద్దు, వెనక బెంచీలో, లీజె పిన్ని పక్కన, తలుపు దగ్గర కూర్చోవాలి. పాడొద్దని మాత్రం రాయడం మర్చిపోయారు.

అంత దూరం నుంచైతే గొంతు బాగా ఎత్తాలి, లేకపోతే తాతగారికి వినపడదు.